లాబ్రడార్ పిల్లను కొంటున్నారా? ముందు తల్లిని చూడండి

కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా సర్టిఫికెట్ ఉంటే చాలనుకుంటారు చాలామంది. అందులో ఉండేది వంశం వివరాలే, ఆరోగ్యానికి అది గ్యారంటీ కాదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్‌లలో తుంటి కీలు సరిగ్గా కుదరని జబ్బు తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది. కాబట్టి ఆ రెండింటి ఎక్స్‌రేలు చూపించమని అడగాలి.

2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్‌కు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు రిజిస్ట్రేషన్ తప్పనిసరి. 18 నెలలు నిండని, 8 ఏళ్లు దాటిన ఆడకుక్కతో పిల్లల్ని పెట్టించకూడదు. ఏడాదికి ఒక్క ఈతే, జీవితం మొత్తంలో ఐదుకు మించకూడదు. 8 వారాలు నిండని పిల్లను అమ్మడం నిషేధం.

"తల్లి ఇక్కడ లేదండీ" అంటూ పిల్లను రోడ్డు మీదికే తెచ్చి చేతిలో పెడతారు కొందరు. ధర ఎంత తగ్గించినా అలాంటిది వద్దు. నచ్చి కొంటే మాత్రం టీకాల కార్డు, మైక్రోచిప్ నంబరు రసీదుతో పాటే తీసుకోండి.