గుప్పెడు బియ్యం, నెలకు 38 డాలర్లు

ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. శ్రీకాకుళం వైపు పోయే బస్సు మిమ్మల్ని ఆనందపురం జంక్షన్లో దించేసి వెళ్లిపోయింది. ఒకవైపు తిరిగితే భీమిలి, ఇంకోవైపు పెందుర్తి. పూల మార్కెట్టు అప్పుడే కేకలతో హోరెత్తుతోంది. తడి గోనెల మీద బంతి, చామంతి కుప్పలు. కాళ్లకింద నలిగిన రేకులు జారుతున్నాయి. మీ పక్కనే ఒకామె మూరలు కొలుస్తూనే కూతుర్ని కసురుతోంది: "ఒలే, బేగి కానీ. సర్చికి టైమైపోతంది."

వాళ్ల వెనకే నడవండి.

సందు చివర రేకుల షెడ్డు, గోడకి రంగు వెలిసిన సిలువ. చెప్పులు బయట విడిచి చాప మీద చోటు చూసుకున్నారు. ఆడవాళ్లు కొంగులు తలమీదికి లాక్కున్నారు. డోలక్ మోగింది, పాట ఎత్తుకున్నారు. కానుకల వేళ వచ్చింది, చూడండి. ఒక్కొక్కరూ చిన్న సంచి విప్పి గంపలో బియ్యం పోస్తున్నారు. రోజూ ఎసట్లో వేసేముందు ఓ గుప్పెడు తీసి పక్కన దాచినవి. సన్నబియ్యం, రేషన్ బియ్యం అన్నీ అందులోనే. ఆరాధన ముగిశాక అక్కడే వేలంపాట పెట్టి అమ్ముతారు. ఆ డబ్బు తండ్రి పోయిన ఇద్దరు పిల్లల పుస్తకాలకి. పేదవాడు కూడా ఇవ్వాల్సినవాడే అని దోర్నకల్ బిషప్ అజరయ్య పట్టుబట్టి చెప్పింది ఇలాంటి సంఘాలకే.

పాస్టరుగారు యాకోబు పత్రిక తెరిచారు. అనాథల్ని, విధవరాళ్లని ఆదుకోవడాన్నే అసలైన భక్తిగా లెక్కగట్టిన పత్రిక అది.

మీ ముందు వరసలో సండే స్కూలు టీచరు. చిన్నప్పుడు ఆమెకి అమెరికాలో ఒక స్పాన్సర్ ఉండేవారు. చర్చి ఆవరణలోనే సెంటరు, అక్కడే భోజనం, ట్యూషను, డాక్టరు పరీక్ష. ఉత్తరాల రోజున ఆమె తెలుగులో రాసేది, ఎవరో ఇంగ్లీషులోకి మార్చేవారు. కొరియా యుద్ధపు అనాథల కోసం 1952లో ఎవరెట్ స్వాన్సన్ అనే పాస్టరు మొదలుపెట్టిన కంపాషన్ ఇంటర్నేషనల్ పద్ధతి ఇదే: 2017 నాటికి నెలకు 38 డాలర్లు, ఒక పిల్ల, ఒక ఫొటో. భారతదేశంలో 1968 నుంచి పనిచేసింది. మతమార్పిడుల అనుమానంతో 2016లో ప్రభుత్వం ముందస్తు అనుమతి లేకుండా విదేశీ నిధులు రాకుండా ఆపింది. సంస్థ ఆ ఆరోపణని ఒప్పుకోలేదు. 2017 మార్చిలో ఇక్కడ తలుపులు మూసింది. అప్పటికి దేశంలో సుమారు 1.45 లక్షల మంది పిల్లలు ఆ సంస్థ సాయం పొందుతున్నారు.

ఫొటోల్లోంచి పిల్లని ఏరుకోవడం, ఆ పిల్ల చేత కృతజ్ఞత రాయించడం నాకెప్పుడూ ఇబ్బందిగానే ఉంటుంది. ఫలితం మాత్రం బూటకం కాదు. ఇండియాతో కలిపి ఆరు దేశాల్లో పదివేలమందికి పైగా వివరాలు సేకరించిన ఆర్థికవేత్త బ్రూస్ వైడిక్ బృందం, కంపాషన్ స్పాన్సర్ ఉన్న పిల్లలు ఏడాది నుంచి ఏడాదిన్నర దాకా ఎక్కువ చదివారని 2013లో తేల్చింది. పేదింట్లో ఆ ఒక్క ఏడాదే ఒక్కోసారి పదో తరగతి.

డాలరు గొప్పదే. కానీ ఢిల్లీలో ఒక సంతకంతో ఆగిపోయింది. గంపలో బియ్యం కొంచెమే, వాటిని ఆపే కాగితం ఏదీ లేదు. ఇద్దరు పిల్లలకి మించి సరిపోవు, అదీ నిజమే.

మిగిలిన పిల్లలకి ఒక దారి ఉంది, చాలామందికి తెలియదు. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్యలో కూడా స్పాన్సర్‌షిప్ ఉంది. ఆదాయం తక్కువ ఉన్న ఇళ్లలో, తండ్రి లేని లేదా తల్లిదండ్రులిద్దరూ లేక బంధువుల దగ్గర పెరిగే పిల్లలకి నెలకు 4,000 రూపాయలు. మతంతో పనిలేదు. మీ సంఘంలోనో మీ వీధిలోనో అలాంటి పిల్ల ఉంటే, జిల్లా బాలల సంరక్షణ విభాగానికి దరఖాస్తు మీరే దగ్గరుండి రాయించండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1098కి ఫోను చేయండి.