నొప్పి మందు ఇల్లు చేరడానికి పట్టిన కాలం

క్యాన్సర్ ముదిరిన పెద్దవాళ్ల విషయంలో “ఇక ఇంటికి తీసుకెళ్లండి” అనే మాట చాలా తెలుగు కుటుంబాలు విన్నదే. ఆ మాట తర్వాత కూడా చేయవలసిన వైద్యం ఎంతో ఉంటుంది. అది ఇంట్లోనే చేయవచ్చని నిరూపించడానికి దశాబ్దాలు పట్టింది.

నర్సుగా మొదలై డాక్టరైన సిసిలీ సాండర్స్ 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి దశ రోగుల సంరక్షణ కేంద్రం) తెరిచారు. నొప్పి తిరగబెట్టేదాకా ఆగకుండా వేళ ప్రకారం మందివ్వాలని ఆమె పట్టుబట్టారు. 1969 నాటికే అక్కడి బృందం రోగుల ఇళ్లకు వెళ్లసాగింది. 1986లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ నొప్పికి మూడు మెట్ల పద్ధతిని ముందుకు తెచ్చింది. పారాసెటమాల్ వంటివాటితో మొదలుపెట్టి, అవి చాలకపోతే కోడీన్, దానికీ లొంగకపోతే మార్ఫిన్. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలకోసారి, దానితోపాటు మలబద్ధకం రాకుండా విరేచనాల మందు: ఇంతే కాబట్టి, నేర్పిస్తే కోడలైనా కొడుకైనా ఇవ్వగలరు.

మన దేశంలో మాత్రం అప్పటికే తలుపు మూసుకుపోయింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం మార్ఫిన్‌కు లైసెన్సు మీద లైసెన్సు, తప్పితే జైలు అంది. చాలా ఆస్పత్రులు నిల్వ ఉంచడమే మానేశాయి. పన్నెండేళ్లలో వాడకం 90 శాతానికి పైగా పడిపోయింది. ప్రపంచానికి వైద్య అవసరాల నల్లమందు ఎగుమతి చేసే దేశం తన రోగులను నొప్పితో వదిలేయడం క్షమించరాని విషయం.

దారి చూపింది కేరళ. 1993లో కోజికోడ్ ప్రభుత్వ మెడికల్ కాలేజీలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, డాక్టర్ సురేష్ కుమార్, మరికొందరు మిత్రులు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ) సొసైటీ ప్రారంభించారు. మంచం పట్టినవాళ్లు క్లినిక్‌కు రాలేరు. అందుకే మలప్పురం వంటి జిల్లాల్లో ఇరుగుపొరుగు వాళ్లే శిక్షణ పొంది, చిన్న చిన్న చందాలు పోగుచేసి, నర్సుతో కలిసి గడప గడపకూ వెళ్లారు. పుండు కడగడం, వాసన తగ్గడానికి మెట్రోనిడజోల్ పొడి చల్లడం, ఒత్తిడి పుండ్లు పడకుండా ఒత్తిగిలించడం ఇంటివాళ్లకు నేర్పారు. బియ్యం లేని ఇంటికి బియ్యం కూడా చేర్చారు. ఆకలితో ఉన్న ఇంట్లో మాత్ర ఒక్కటే ఏం చేస్తుంది? 2008లో కేరళ ప్రభుత్వం ఈ సంరక్షణను విధానంగా ప్రకటించి పంచాయతీల బాధ్యతల్లో చేర్చింది.

చట్టం సడలడానికి 2014 దాకా ఆగవలసి వచ్చింది. అప్పటి సవరణతో మార్ఫిన్ సహా కొన్ని అత్యావశ్యక మందులకు దేశమంతటా ఒకే నియమం, ఒకే అనుమతి వచ్చాయి.

హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలో డాక్టర్ గాయత్రి పాలాట్ నాయకత్వంలో పాలియేటివ్ విభాగం అంతకుముందే వేళ్లూనుకుంది. అక్కడి బృందాలు వ్యాన్లలో ఇళ్లకు వెళ్లడమూ మొదలైంది. తర్వాత చేవెళ్లలో ప్రయోగంగా మొదలైన సేవ తెలంగాణ జిల్లా ఆస్పత్రులకు పాకింది.

ఇంత జరిగినా కుటుంబాల్లో ఒక భయం మిగిలే ఉంది: మార్ఫిన్ ఇస్తే ప్రాణం పోతుందని, అలవాటైపోతుందని. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే ఆ రెండూ అరుదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. మార్ఫిన్ వీధి చివరి మందుల షాపులో దొరకదు. పల్లెలో ఉన్న కొడుకు దానికోసం పట్నం బస్సెక్కాల్సిందే. ప్రతి జిల్లా ఆస్పత్రిలోనూ అది ఎప్పుడూ నిల్వ ఉండాలి.