బదిలీ కొలువులు - బాలల చదువులు

సిపాయి కొలువులో స్థిరవాసము లేదు. నేడు పఠాన్‌కోట, రేపు తేజ్‌పూరు. తండ్రి వెంట తరలు బిడ్డకు ఊరితోపాటు పాఠ్యపుస్తకము, బోధనాభాష, పరీక్షా పద్ధతి కూడ మారుచుండెడివి. ఒకచోట సగము నేర్చిన పాఠము వేరొకచోట మొదటికి వచ్చును. మరియొకచోట అది ముందే ముగిసియుండును. ఈ చిక్కును తీర్చుటకు మన దేశమున జరిగిన ప్రయత్నములలో మూడు దశలు కానవచ్చును.

మొదటిది బిడ్డను ఇంటినుండి వేరుచేసి ఒకచోట నిలుపుట. 1847లో హెన్రీ లారెన్సు సనావరునందు బ్రిటిషు సైనికుల బిడ్డలకై నెలకొల్పిన వసతి పాఠశాల ఇట్టిది. భారతీయ సైనికుల కుమారులకై 1920వ దశకమున జీలం, జలంధర్ పట్టణములలోను, 1930లో అజ్మీరులోను కింగ్ జార్జి పేర సైనిక పాఠశాలలు వెలసినవి. చదువు నిలిచెను గాని బిడ్డ తల్లిదండ్రులకు దూరమాయెను. అందు చోటు దొరకినవారును కొందరే.

రెండవది బిడ్డ ఎచ్చటికి పోయినను అదే పాఠము లభించునట్లు చేయుట. రెండవ వేతన సంఘము సిఫారసుపై ఈ పథకమును కేంద్ర ప్రభుత్వము 1962 నవంబరులో ఆమోదించెను. 1963లో, సైనికులు అధికముగ నున్న తావులలోని 20 రెజిమెంటు పాఠశాలలను తీసికొని సెంట్రల్ స్కూళ్లుగ మార్చిరి. 1965 డిసెంబరు 15న కేంద్రీయ విద్యాలయ సంఘటన్ రిజిస్టరు కాబడెను. 1962లో పునర్వ్యవస్థీకృతమైన కేంద్ర మాధ్యమిక విద్యామండలి ఆశయములలోను బదిలీ ఉద్యోగుల బిడ్డల సౌకర్యము ఒకటి. నాటి ఇరువది బడులు నేడు వేయికి మించినవి. కాఠ్మండు, మాస్కో, టెహరాన్ నగరములలోను నెలకొన్నవి. సివిలు ఉద్యోగుల బిడ్డలును వీనిలో చదువుకొనుచున్నారు.

మూడవది పాఠమే బిడ్డ చెంతకు వచ్చుట. 1968లో ఢిల్లీలో పత్రాచార విద్యాలయము తపాలా ద్వారా బోధన నారంభించెను. 1979లో కేంద్ర మండలి ప్రయోగముగ చేపట్టిన ఓపెన్ స్కూలు 1989లో స్వతంత్ర సంస్థ యయ్యెను. 2020లో మహమ్మారి వలన బడులు మూతపడినపుడు తరగతికొక టెలివిజన్ ప్రసార వాహిని ఏర్పడెను. ఇంటర్నెట్టు పాఠములు ఇంటింట వాడుకలోనికి వచ్చెను. అయినను సంకేతము అందని సరిహద్దు గ్రామమునను, ఒకే ఫోనును ముగ్గురు బిడ్డలు పంచుకొను ఇంటను ఈ సౌకర్యము అరకొరయే.

ఇన్ని ఏర్పాట్ల నడుమ జారిపోవునది మాతృభాష. గణితము ఏ ఊరనైన ఒక్కటే. తెలుగు అట్లు కాదు. తాతగారి ఉత్తరమును చదువలేని మనుమలు మన కాలనీలలో అరుదు కారు. ఈ లోపమును ముందే గుర్తించి, 1948లోనే శ్రీమతి దుర్గాబాయి ప్రోద్బలమున ఢిల్లీలో ఆంధ్ర విద్యాసంఘము వెలసెను. కాని సంఘము నడుపు బడి ఢిల్లీ దాటి బిడ్డ వెంట రాజాలదు.

అందువలన మూడవ మార్గము తెలుగునకే అత్యవసరము. ఓపెన్ స్కూలు మాధ్యమిక పరీక్షకు తెలుగును పాఠ్యాంశముగ తీసికొనవచ్చును. తగినంతమంది కోరినచో కేంద్రీయ విద్యాలయములలో మాతృభాషా బోధనకు ఏర్పాటు చేయుటకు నిబంధనలలో అవకాశము కలదు. ఆ కోరువారి పట్టికను ఏటేట సిద్ధపరచుట, వారమునకొక గంట దూరపు బిడ్డలను తెరపై సమావేశపరచి చదివించుట తెలుగు సంఘములకు భారము కాదు. సంక్రాంతి వేడుకకు చూపు శ్రద్ధలో సగము దీనికి చాలును.