తపాలాబిళ్ళయు గోరువెచ్చని నీరును

1837వ సంవత్సరమున తపాలా సంస్కరణమును గూర్చి ఉద్యమించిన రోలండ్ హిల్లు, ముద్రవేయుటకు చాలినంత కాగితపు ముక్కకు వెనుక జిగురు పూసినచో, తడి తగిలించి జాబునకు అంటింపవచ్చునని సూచించెను. ఆ తడియే ఆ ముక్కను మరల ఊడదీయగలదను సంగతి అనతికాలములోనే ఆంగ్లేయ ప్రజలలోని చతురులకు బోధపడెను.

1840 మే నెలలో వెలువడిన నల్లని పెన్నీబిళ్ళ జిగురు, బంగాళాదుంపల పిండియు గోధుమ గంజియు తుమ్మజాతి బంకయు చేరిన మిశ్రమము. అనగా మన పల్లెపిల్లలు తుమ్మమానుల నుండి గిల్లి తెచ్చు బంకకు దాయాది. బిళ్ళ వాడబడినదని తెలియుటకు తపాలావారు కొట్టిన ఎర్రసిరా ముద్ర కడిగిన పోవుచుండెను. ఊడదీసి, కడిగి, తిరిగి అంటించిన బిళ్ళలు ప్రయాణము సాగింపగా, 1841లో ప్రభుత్వము బిళ్ళను ఎర్రగా ముద్రించి, ముద్రను నల్లసిరాకు మార్చెను. జిగురు నీటికి లొంగక తప్పదు గనుక, పోరు సిరామీదికి మరలినదన్నమాట.

ఆ పోరు 1883–84లో పరాకాష్ఠ నందెను. అప్పటికి రసీదులకును తపాలాబిళ్ళలే చెల్లుచుండుటచే, కలముతో గీచిన సిరాను కడిగివేయు మోసమును అరికట్టుటకై, డిలారూ సంస్థవారు నీరు సోకినంతనే చెదరు ఊదా, ఆకుపచ్చ రంగులతో బిళ్ళలను అచ్చువేసిరి. దొంగకై పన్నిన ఈ వలలో పాపము బిళ్ళల సంగ్రాహకుడును చిక్కెను. వాని చేతను ఉన్నది ఆ నీళ్ళపళ్ళెమే కదా!

మన దేశమున 1852లో సింధు రాష్ట్రమందు బార్టల్ ఫ్రియర్ ప్రవేశపెట్టిన తొలి బిళ్ళ ఎర్రని లక్కబిళ్ళవంటిది. అది ఊడదీయువాని కొరకు ఆగక తానే పగిలిపోవుచుండెను. తరువాతి కాగితపు బిళ్ళలతో సంగ్రాహకుల విద్య స్థిరపడెను. బిళ్ళ చుట్టును కొంత కాగితము మిగులునట్లు కవరును కత్తిరించి, బొమ్మ పైకి ఉండునట్లు గోరువెచ్చని నీటిలో తేలవైచి, కాగితము తానై జారువరకు ఓపిక పట్టవలెను. తొందరపడి గోటితో లాగినచో వెనుకపొర లేచిపోయి బిళ్ళ పలుచబడును. పిదప మిగిలిన బంకను బొటనవ్రేలితో మెల్లగా నిమిరి కడిగి, అద్దుడుకాగితముపై బోర్లించి ఆరవైచి, బరువైన గ్రంథము క్రింద నొక్కి యుంచవలెను. రంగు కవరుల ముక్కలను తక్కినవానితో ఒకే నీట వేయువాడు మొత్తము సంపుటమునకే రంగు పులుముకొనును.

ఈ విద్యకు ముప్పు, తడి యక్కరలేకయే అంటు జిగురుతో వచ్చెను. 1935లో అమెరికాలో స్టాన్ ఏవరీ తయారుచేసిన చీటీల జాతి జిగురు, 1964లో సియెర్రా లియోన్ బిళ్ళలకు ఎక్కెను. 1974లో అమెరికావారు క్రిస్మస్ బిళ్ళను ఊడదీసినచో చినుగునట్లు గాట్లు పెట్టి మరీ విడుదల చేసిరి. కాని ఆ జిగురు కాగితములోనికి ఇంకి, బిళ్ళనే గోధుమవన్నెకు త్రిప్పెను. తాము పెట్టిన గాట్లకన్న తమ జిగురే ఎక్కువ పాడుచేసినందుకు ఆ దేశపు తపాలావారు ఏమనుకొనిరో!

పిమ్మట కొంతకాలము బిళ్ళకును జిగురునకును నడుమ నీట కరగు పొర నొకదానిని వేసి సంగ్రాహకులను కనికరించిరి గాని, అదియు తొలగెను. ఇప్పుడు నారింజజాతి తొక్కల నుండి తీసిన నూనెను కవరు కాగితము వెనుకనుండి ఇంకించి, జిగురు వదులైన పిమ్మట బిళ్ళను ఒలిచి, ఇంకను జిడ్డుగా నున్న వీపున ముఖమునకు రాయు పౌడరు చల్లుచున్నారు. ఇంత తతంగమునకు ఓర్వలేనివారు బిళ్ళను ఊడదీయుటే మాని, కాగితముతో సహా కత్తిరించి దాచుకొనుచున్నారు.