రోబో విద్యుత్ స్విచ్చు

రోబో విద్యుత్ స్విచ్చు అనగా అభిరుచితో తయారు చేసుకునే చిన్న రోబోలో, బ్యాటరీ నుండి మోటార్లకు, నియంత్రణ బోర్డుకు వెళ్ళే విద్యుత్తును కలపడానికి, ఆపడానికి వాడే సాధనం. 2016లో నీతి ఆయోగ్ ప్రారంభించిన అటల్ టింకరింగ్ ప్రయోగశాలలు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలతో సహా దేశంలోని పలు పాఠశాలలలో 6 నుండి 12వ తరగతి విద్యార్థులకు ఇటువంటి పరికరాలను పరిచయం చేశాయి.

అవసరం

మోటారు కదలడం మొదలుపెట్టినపుడు, చక్రం ఇరుక్కున్నపుడు మామూలు కంటే అనేక రెట్లు కరెంటు తీసుకుంటుంది. చిన్న స్లైడు స్విచ్చు దీనిని తట్టుకోలేక, లోపలి లోహపు రేకులు కాలిపోతాయి. తీర గ్రామాలలో ఉప్పుగాలికి అవి త్వరగా చిలుము కూడా పడతాయి. అందువలన ప్రధాన కరెంటును పి-ఛానెల్ మాస్‌ఫెట్ గుండా పంపి, దానిని చిన్న స్విచ్చుతో నియంత్రిస్తారు.

అమరిక

12 వోల్టుల బ్యాటరీకి ఐఆర్ఎఫ్9540ఎన్ మాస్‌ఫెట్ సరిపోతుంది.

* బ్యాటరీ ధనధ్రువాన్ని ఫ్యూజు మీదుగా సోర్సుకు కలపాలి.
* డ్రెయిన్‌ను రోబో ధన తీగకు కలపాలి. రోబో ఋణ తీగ నేరుగా బ్యాటరీ ఋణధ్రువానికి వెళ్తుంది.
* గేటుకు, సోర్సుకు మధ్య 100 కిలోఓముల నిరోధకాన్ని టంకం వేయాలి.
* గేటుకు, ఋణధ్రువానికి మధ్య చిన్న స్విచ్చును ఉంచాలి.

స్విచ్చు వేసినపుడు గేటు వోల్టేజి సోర్సు కంటే 12 వోల్టులు తగ్గి, మాస్‌ఫెట్ విద్యుత్తును ప్రవహింపజేస్తుంది. ఆపినపుడు నిరోధకం గేటును సోర్సు వోల్టేజికి చేర్చి ప్రవాహాన్ని నిలిపివేస్తుంది.

జాగ్రత్తలు

2 ఆంపియర్ల వద్ద మాస్‌ఫెట్‌లో సుమారు అర వాటు వేడిగా మారుతుంది. 5 ఆంపియర్ల వద్ద ఇది దాదాపు 3 వాట్లకు చేరుతుంది కనుక హీట్‌సింక్ అవసరం. సోర్సు, డ్రెయిన్ తారుమారైతే లోపలి డయోడు గుండా విద్యుత్తు ప్రవహిస్తూనే ఉంటుంది, రోబో ఆగదు. ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. లేనిచో షార్ట్ సర్క్యూట్ అయినపుడు తీగలు కాలి మంటలు లేచే ప్రమాదం ఉంది.