సెండ్‌మెయిల్: చిరునామాలు కుదరని కాలపు బట్వాడా

సెండ్‌మెయిల్ యునిక్స్ కంప్యూటర్లలో ఈ-మెయిల్‌కు దారి వెతికి, ఒక నెట్‌వర్క్ నుంచి మరో నెట్‌వర్క్‌కు చేరవేసే ప్రోగ్రామ్. దీనికి తెర మీద మెనూలూ బొమ్మలూ ఉండవు. కమాండ్ లైన్ మీద పేరు కొట్టో, మరో ప్రోగ్రామ్ చేతో దీన్ని నడిపిస్తారు. ఉత్తరం రాయడం, చదవడం దీని పని కాదు. చివరికి అందుకునేవారి పెట్టెలో వేయడం కూడా వేరే చిన్న ప్రోగ్రామ్‌కే అప్పగిస్తుంది. రైల్వే మెయిల్ సర్వీసు పెట్టెలో కూర్చుని ఏ ఉత్తరం ఏ సంచిలో పడాలో తేల్చే సార్టర్ పని ఏదో, దీని పని కూడా అదే. 1980ల నడుమ నుంచి 1990ల చివరిదాకా ఇంటర్నెట్ ఉత్తరాల్లో అధిక భాగం దీని చేతుల మీదుగానే సాగింది.

దీనికి బీజం పడింది 1970ల చివర, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో. అప్పటి నెట్‌వర్క్ ఒకటి కాదు. అమెరికా రక్షణ శాఖ సొమ్ముతో నడిచే ఆర్పానెట్ కనెక్షన్ అక్కడ ఇంగ్రెస్ అనే డేటాబేస్ పరిశోధన బృందపు కంప్యూటర్‌కు ఉండేది. ప్రాంగణంలోని యంత్రాలను కలిపేది బెర్క్‌నెట్. దాన్ని రాసిన విద్యార్థి ఎరిక్ ష్మిట్ తర్వాతి కాలంలో గూగుల్‌కు అధిపతి అయ్యాడు. ఇవి కాక బెల్ ల్యాబ్స్‌లో మైక్ లెస్క్ మొదలుపెట్టిన యూయూసీపీ ఒకటి. ఇందులో యంత్రాలు మామూలు టెలిఫోన్ లైన్ల మీద ఒకదానికొకటి ఫోన్ చేసుకుని, పోగుపడ్డ ఫైళ్లనూ ఉత్తరాలనూ మార్చుకునేవి.

మూడు నెట్‌వర్క్‌లకూ మూడు రకాల చిరునామాలు. ఆర్పానెట్‌లో మనిషి పేరు, @ గుర్తు, ఆపైన యంత్రం పేరు. 1971లో రే టామ్లిన్సన్ పెట్టిన పద్ధతి ఇది. బెర్క్‌నెట్‌లో యంత్రం పేరు ముందు, కోలన్ తర్వాత మనిషి పేరు. యూయూసీపీలోనైతే పంపేవారే దారంతా రాయాలి. డెక్‌వ్యాక్స్!యూసీబీవ్యాక్స్!ఎరిక్ అంటే, ముందు డెక్‌వ్యాక్స్ అనే యంత్రానికి వెళ్లి, అక్కడి నుంచి యూసీబీవ్యాక్స్‌కు చేరి, అక్కడున్న ఎరిక్‌కు అందాలని అర్థం. నడుమ ఒక యంత్రం పడకేస్తే ఉత్తరం అక్కడే ఆగిపోయేది.

ఈ పద్ధతులు ఒకే చిరునామాలో కలిసినప్పుడే అసలు తంటా. క!చ@ట అని ఉంటే ఉత్తరం ముందు ఎక్కడికి వెళ్లాలి? యూయూసీపీవాళ్ల లెక్కలో ముందు ‘క’ దగ్గరికి. మిగతాది అది చూసుకుంటుంది. ఆర్పానెట్‌వాళ్ల లెక్కలో ముందు ‘ట’ దగ్గరికి. అది ‘క’ ద్వారా ‘చ’కు పంపుతుంది. ఎవరి లెక్క వారికి సరైనదే. ఈ తగువు తీర్చే పెద్దమనిషి అప్పటికి లేడు.

ఇంగ్రెస్ బృందంలో పనిచేస్తున్న ఎరిక్ ఆల్‌మన్‌కు ఈ చిక్కు వేరే దారిలో ఎదురైంది. ఆర్పానెట్ ఉత్తరాల కోసం విభాగంలో అందరూ ఇంగ్రెస్ యంత్రం మీదే ఖాతాలు అడగసాగారు. వాళ్లకు కావలసింది ఖాతా కాదని, ఉత్తరమేనని ఆయన గ్రహించాడు. ఎవరి ఉత్తరాన్ని వారి యంత్రానికే పంపేస్తే సరిపోతుంది. అందుకు రాసిన ప్రోగ్రామ్ డెలివర్‌మెయిల్. 1979లో అది బర్క్‌లీ యునిక్స్‌తో పాటు బయటికి వెళ్లింది. దాని లోపం ఒక్కటే, కానీ పెద్దది: దారులూ నియమాలూ ప్రోగ్రామ్‌లోనే కరుడుగట్టి ఉండేవి. కొత్త యంత్రం చేరినా, ఉన్న దారి మారినా ప్రోగ్రామ్‌ను మళ్లీ కంపైల్ చేయాల్సిందే.

ఇంతలో ఆర్పానెట్ కొత్త పునాది మీదికి మారుతోంది. ఉత్తరాల రవాణాకు ఎస్ఎంటీపీ అనే నియమావళిని జాన్ పోస్టెల్ 1982 ఆగస్టులో ఖరారు చేశాడు. 1983 జనవరి 1న ఆర్పానెట్ మొత్తం టీసీపీ/ఐపీ అనే కొత్త నియమావళికి మారింది. ఆ టీసీపీ/ఐపీని బర్క్‌లీ యునిక్స్‌లో చేర్చే పని బిల్ జాయ్ బృందానిది. కొత్త నెట్‌వర్క్‌కు తగిన ఉత్తరాల ప్రోగ్రామ్ రాయమని ఆల్‌మన్‌ను ఒప్పించిందీ ఆయనే. అలా పుట్టిన సెండ్‌మెయిల్ 1983లో 4.1సీ బీఎస్‌డీ అనే బర్క్‌లీ యునిక్స్ కూర్పుతో కలిసి బయటికి వచ్చింది. దాని వ్యాప్తికి కారణం వేరే వెతకనక్కరలేదు. విశ్వవిద్యాలయాలు టీసీపీ/ఐపీ కోసం బర్క్‌లీ టేపు తెప్పించుకునేవి, ఆ టేపులోనే సెండ్‌మెయిల్ ఉండేది. సన్ వంటి కంపెనీలు బర్క్‌లీ యునిక్స్ మీద తమ యంత్రాలను నిలబెట్టినప్పుడు అదీ వెంట వచ్చింది. అది తన పనుల చిట్టా రాసుకోవడానికి ఆల్‌మన్ కట్టిన సిస్‌లాగ్ అనే ఏర్పాటు తర్వాత సెండ్‌మెయిల్‌ను దాటిపోయి, యునిక్స్ ప్రపంచమంతటికీ దినచర్య పుస్తకంగా మారింది.

కొత్త ప్రోగ్రామ్‌లో దారులను తెలిపే నియమాలు విడిగా సెండ్‌మెయిల్.సీఎఫ్ అనే ఫైల్లోకి వచ్చాయి. చిరునామాను ముక్కలుగా విడగొట్టి, నియమం ఎడమవైపున్న నమూనాతో పోల్చి, కుదిరితే కుడివైపున్న రూపంలోకి తిరగరాయడం దాని పద్ధతి. ఏ రకపు చిరునామా వచ్చినా ముందు ఒకే లోపలి రూపానికి తెచ్చి, గమ్యాన్ని బట్టి మళ్లీ కావలసిన రూపం తొడుగుతుంది. లోకాన్ని తన దారికి రమ్మనకుండా, తానే లోకం దారికి పోవడం ఆల్‌మన్ ఎంచుకున్న నీతి. అడ్డదిడ్డంగా ఉన్న చిరునామానైనా తిప్పి పంపకుండా, సరిచేసి ముందుకు నెట్టేది. చిరునామాల మీద ఒప్పందమే లేని రోజుల్లో ఇంతకన్నా తెలివైన ఎంపిక లేదు.

దానికి చెల్లించిన ధర ఆ ఫైలు రూపం. ప్రతి వరుస ఒక్క అక్షరంతో మొదలవుతుంది. ఆ అక్షరమే ఆజ్ఞ. తర్వాతదంతా డాలర్ గుర్తులు, నక్షత్రాలు, కూడిక గుర్తులు. నియమం రెండు భాగాల నడుమ ట్యాబ్ బదులు ఖాళీ పడితే నియమం పనిచేయదు, కంటికి మాత్రం తేడా కనబడదు. సెండ్‌మెయిల్ మొదలైన ప్రతిసారీ ఈ ఫైలును చదువుకోవాలి, అప్పటి యంత్రాలా నెమ్మది. అందుకే మనిషి సౌకర్యం కన్నా యంత్రపు వేగానికి పెద్దపీట పడింది. ఈ నియమాల భాష ఎంత శక్తిమంతమైనదంటే, హనోయ్ గోపురాల పజిల్‌ను వీటితోనే విప్పి చూపినవారున్నారు. ఉత్తరాలు పంచే ప్రోగ్రామ్‌కు అంత శక్తి ఎందుకన్నది వేరే సంగతి.

ఆల్‌మన్ బర్క్‌లీ విడిచి ప్రైవేటు కంపెనీలో చేరాక, 1980ల్లో ఎవరి అవసరానికి తగ్గట్టు వారు సెండ్‌మెయిల్‌ను మార్చుకున్నారు. స్వీడన్‌లోని లిన్‌షోపింగ్‌లో ఐడీఏ సెండ్‌మెయిల్ పుట్టింది. కంప్యూటర్ కంపెనీలూ ఒక్కొక్కటి ఒక్కో రకం అమ్మాయి.

1988 నవంబరు 2న సెండ్‌మెయిల్ భద్రత విషయంలో చూపిన నిర్లక్ష్యం బయటపడింది. కార్నెల్ విద్యార్థి రాబర్ట్ టాపన్ మోరిస్ వదిలిన పురుగు ప్రోగ్రామ్ కొన్ని గంటల్లోనే ఇంటర్నెట్‌ను కమ్ముకుంది. అది వాడుకున్న దారుల్లో ఒకటి సెండ్‌మెయిల్‌లోని డీబగ్ అనే ఆజ్ఞ. తప్పులు వెతుక్కోవడానికి పెట్టుకున్న ఆ తలుపును చాలాచోట్ల మూయకుండానే వదిలేశారు. దాని ద్వారా ఉత్తరాన్ని మనిషికి బదులు ఒక కమాండ్‌కే చేరవేయవచ్చు. ఉత్తరంలోని సారం ఆ యంత్రం మీద ఆజ్ఞలుగా నడుస్తుంది. అప్పటి సుమారు 60,000 యంత్రాల్లో 6,000 దాకా దెబ్బతిన్నాయని అంచనా. ఆ వెంటనే కార్నెగీ మెలన్‌లో సెర్ట్ అనే అత్యవసర స్పందన కేంద్రం ఏర్పడింది. మోరిస్‌కు మూడేళ్ల ప్రొబేషన్, 400 గంటల సమాజసేవ, జరిమానా పడ్డాయి. తర్వాత ఆయన ఎంఐటీలో ఆచార్యుడయ్యాడు.

భారతదేశంలో ఈ కాలం ఎర్నెట్‌ది. 1986లో మొదలైన ఆ నెట్‌వర్క్ తొలి దశలో బొంబాయిలోని ఎన్‌సీఎస్‌టీ వంటి సంస్థల మధ్య ఉత్తరాలు ఫోన్ లైన్ల మీద యూయూసీపీతోనే నడిచాయి. తెలుగువారికి ఎదురైన ఇబ్బంది మరొకటి. ఎస్ఎంటీపీ ఏడు బిట్ల అక్షరాలనే గుర్తించేది. పాత సెండ్‌మెయిల్ ఎనిమిదో బిట్‌ను కత్తిరించేసేది. అంటే తీసుకెళ్లగలిగింది ఇంగ్లీషు అక్షరాలనే. అమెరికాలోని తెలుగువారు ఉత్తరాల్లో తెలుగును రోమన్ అక్షరాల్లో రాయడానికి ఇది పెద్ద కారణం. రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతి ఆ అవసరంలోంచి వచ్చిందే. కీబోర్డు మీద దొరికే గుర్తులతోనే హ్రస్వ దీర్ఘాలు, అల్పప్రాణ మహాప్రాణాలు తేడా తెలిసేలా రాయడం అందులో నేర్పు. 1992లో మైమ్ అనే ప్రమాణం వచ్చాక, ఏ లిపినైనా ఏడు బిట్లలో మడిచి పంపి అవతల విప్పుకునే వీలు కలిగింది.

ఆల్‌మన్ బర్క్‌లీకి తిరిగొచ్చి, చెదిరిన పాయలను కలిపి 1993లో ఎనిమిదో కూర్పు తెచ్చాడు. 4.4 బీఎస్‌డీలో ఫైళ్లన్నిటికీ 8.1 అని ఒకే సంఖ్య వేయడంతో అయిదు తర్వాత ఎనిమిది వచ్చింది. ఎం4 అనే మాక్రో ప్రోగ్రామ్ వల్ల ఇక సీఎఫ్ ఫైలును చేత్తో రాసే అవసరం తప్పింది. నాలుగు మామూలు వరుసలు రాస్తే ఎం4 దాన్ని తయారుచేసి పెడుతుంది. అదే ఏడాది ఓరైలీ సంస్థ అట్ట మీద గబ్బిలం బొమ్మతో సెండ్‌మెయిల్ మీద పుస్తకం వేసింది. రెండో ముద్రణకల్లా అది వెయ్యి పేజీలు దాటింది.

అయిదో కూర్పూ ఎనిమిదో కూర్పూ పక్కపక్కన బతికిన రోజుల ముచ్చట ఒకటి సిస్టమ్ నిర్వాహకులు ఇప్పటికీ చెప్పుకుంటారు. అమెరికాలో ఒక విశ్వవిద్యాలయంలో ఉత్తరాలు 500 మైళ్లు దాటి వెళ్లడం లేదని గణాంక శాఖ నుంచి ఫిర్యాదు వచ్చింది. నవ్వుకోదగ్గ ఫిర్యాదే, కానీ నిజం. ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తది చేసినప్పుడు సెండ్‌మెయిల్ మాత్రం అయిదో కూర్పుకు వెనక్కి పోయింది. ఎనిమిదో కూర్పుకు రాసిన సీఎఫ్ ఫైల్లోని పొడుగు పేర్లు దానికి అర్థం కాలేదు. దాంతో అవతలి యంత్రం జవాబు కోసం ఆగాల్సిన గడువు సున్నా అయింది. ఆచరణలో అది మూడు మిల్లీసెకన్ల పైచిలుకు. కాంతి ఆ వ్యవధిలో వెళ్లగలిగేది ఇంచుమించు 550 మైళ్లు.

1996లో ఇంటర్నెట్ మీది మెయిల్ సర్వర్లలో సుమారు 80 శాతం సెండ్‌మెయిల్ నడిపేవే. అయితే దాని అవసరం అప్పటికే కరిగిపోతోంది. డొమైన్ పేర్ల వ్యవస్థ (డీఎన్ఎస్), 1986లో వచ్చిన ఎంఎక్స్ రికార్డుల వల్ల ఏ ఉత్తరం ఎక్కడికి వెళ్లాలో డీఎన్ఎస్‌నే అడగవచ్చు. యూయూసీపీ వెనకబడింది, బెర్క్‌నెట్ పోయింది, @ ఒక్కటే మిగిలింది. రకరకాల చిరునామాలను కలపడానికి మోసిన బరువు ఇప్పుడు ఉత్త బరువే. పైగా అంతా ఒకే పెద్ద ప్రోగ్రామ్‌గా, సర్వాధికారాలున్న రూట్ పేరున నడవడంతో ఎక్కడ చిన్న చిల్లు పడినా యంత్రమంతా పరాధీనమయ్యేది. కేంబ్రిడ్జ్‌లో ఫిలిప్ హేజెల్ రాసిన ఎగ్జిమ్, డేనియల్ బెర్న్‌స్టీన్ రాసిన క్యూమెయిల్, ఐబీఎంలో వీట్సే వెనెమా రాసిన పోస్ట్‌ఫిక్స్ ఈ అదనులోనే వచ్చాయి. క్యూమెయిల్, పోస్ట్‌ఫిక్స్ పనిని చిన్న ప్రోగ్రాములుగా విడగొట్టి, దేనికి అవసరమైన అధికారం దానికే ఇచ్చాయి.

సెండ్‌మెయిల్ కూడా మారింది, కాస్త ఆలస్యంగా. మునుపు ఎవరి ఉత్తరాన్నైనా ఎవరికైనా అందించడం మర్యాద. స్పామ్ పంపేవారు ఆ మర్యాదను వాడుకోవడంతో 1998 నాటి 8.9 కూర్పు ఆ దారిని మూసింది. 2001 నాటి 8.12లో రూట్ అధికారం అవసరం తగ్గింది. 1998లో ఆల్‌మన్ భాగస్వామిగా పెట్టిన సెండ్‌మెయిల్ కంపెనీని 2013లో ప్రూఫ్‌పాయింట్ కొనుక్కుంది. ప్రోగ్రామ్ ఇప్పటికీ ఉచితంగానే వెలువడుతోంది. ఇంగ్లీషేతర లిపుల్లోని ఈ-మెయిల్ చిరునామాలకు 2012లో ప్రమాణం ఏర్పడితే, 2021 నాటి 8.17 కూర్పు ప్రయోగాత్మకంగా వాటికి చోటిచ్చింది.

కొత్త సర్వర్లలో సెండ్‌మెయిల్ ఇప్పుడు అరుదు. దాని కమాండ్ మాత్రం అన్నిచోట్లా ఉంది. ఉత్తరం పంపాలంటే సెండ్‌మెయిల్ అనే పేరునే పిలిచేలా ముప్పై ఏళ్ల ప్రోగ్రాములు రాసి ఉన్నాయి. పీహెచ్‌పీలోని మెయిల్ ఫంక్షన్ కూడా యునిక్స్ యంత్రాల మీద ఆ పేరునే పిలుస్తుంది. అందుకని పోస్ట్‌ఫిక్స్, ఎగ్జిమ్ రెండూ తమతో పాటు అదే పేరుతో, అవే ఆప్షన్లు తీసుకునే కమాండ్‌ను అమర్చి పెడతాయి.