బాలల కోర్టులో మనోవైద్యుడి మాట

పిల్లల కోర్టు పుట్టి పదేళ్ళు నిండకముందే దానికి ఒక వైద్యుడి అవసరం పడింది. 1899 జులైలో అమెరికాలోని షికాగోలో తెరిచిన ఆ కోర్టు ఉన్నది పిల్లల్ని శిక్షించడానికి కాదు, దారిలో పెట్టడానికని దాన్ని పోరాడి సాధించినవాళ్ళు చెప్పారు. కానీ మందలించి పంపిన పిల్లలే మళ్ళీ మళ్ళీ కోర్టు మెట్లెక్కుతుంటే జడ్జీలకు ఏమీ పాలుపోలేదు. అప్పుడు ఎథెల్ స్టర్జెస్ డమ్మర్ అనే దాత అయిదేళ్ళ ఖర్చు తాను పెట్టుకుంటానని ముందుకొచ్చారు. అలా 1909లో డాక్టర్ విలియం హీలీ ఆధ్వర్యంలో ఈ పిల్లల కోసం మానసిక పరీక్షా కేంద్రం మొదలైంది.

హీలీ ముందు పిల్లవాడి ఒంటిని పరీక్షించేవారు. ఇంట్లోవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడేవారు. ఆ తర్వాత జరిగిందంతా పిల్లవాడి నోటితోనే చెప్పించేవారు. 1915లో వచ్చిన ఆయన గ్రంథంలో ఏ ఇద్దరి కథా ఒకటి కాదు. నేరానికి ఒకే ఒక్క కారణం వెతకడం దండగని ఆయన తేల్చారు. నూరేళ్ళు దాటినా అంతకన్నా మంచి పద్ధతి మనకు దొరకలేదని నా నమ్మకం.

అదే రోజుల్లో న్యూజెర్సీలోని వైన్‌లాండ్‌లో హెన్రీ గొడార్డ్ ఇంకో దారి పట్టాడు. ఫ్రాన్స్‌లో ఆల్ఫ్రెడ్ బినే రూపొందించిన తెలివి పరీక్షను 1908లో అమెరికాకు తెచ్చి, నేరం చేసే పిల్లల్లో చాలామంది పుట్టుకతోనే మందబుద్ధులని ప్రచారం చేశాడు. చదువులో వెనకబడిన పిల్లలకు సాయం చేద్దామని బినే తయారుచేసిన పరీక్ష, గొడార్డ్ చేతిలో వాళ్ళను సంస్థల్లో పెట్టి తాళం వేయడానికి సాకైంది. తర్వాత గొడార్డ్ తన వాదనల్లో చాలావాటిని వెనక్కి తీసుకున్నాడు. అప్పటికే లోపల పడినవాళ్ళకు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

ఈ చరిత్ర పొడుగునా నాకు కనిపించేది ఒకటే. వైద్యుడి మాట పిల్లవాడికి ఏం కావాలో చెప్పినప్పుడు మేలు చేసింది. వాడు ఎలాంటివాడో తేల్చేసినప్పుడు కీడు చేసింది.

మోరిస్ కెంట్ కేసే చూడండి. 1961లో వాషింగ్టన్‌లో దోపిడీ, అత్యాచారం ఆరోపణల మీద పట్టుబడేనాటికి అతనికి 16 ఏళ్ళు. అతను తీవ్రమైన మానసిక వ్యాధితో ఉన్నాడని, ఆస్పత్రిలో పెట్టాలని ఒక మనోవైద్యుడి ప్రమాణపత్రాన్ని లాయరు బాలల కోర్టుకు ఇచ్చారు. జడ్జి విచారణ జరపలేదు, లాయరుతోనూ తల్లితోనూ మాట్లాడలేదు. పూర్తిగా పరిశీలించామని రాసి పిల్లవాణ్ని పెద్దల కోర్టుకు పంపేశారు. అక్కడ జ్యూరీ అత్యాచారం అభియోగాల్లో మతిస్థిమితం లేనందున నిర్దోషి అంది, దొంగతనం, దోపిడీ అభియోగాల్లో దోషి అంది. పడిన శిక్ష 30 నుంచి 90 ఏళ్ళు. ఒకే మనసు ఒక అభియోగానికి జబ్బుపడిందట, పక్క అభియోగానికి నిక్షేపంగా ఉందట! విచారణ లేకుండా, కారణాలు చెప్పకుండా పిల్లవాణ్ని అలా పంపడం చెల్లదని 1966లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడు గాల్ట్ అనే పిల్లవాడి కేసు తీర్పుతో బాలల కోర్టులో లాయరు హక్కు కూడా వచ్చింది.

1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘం తన రోగనిర్ధారణ గ్రంథం మూడో కూర్పులో ప్రవర్తనా రుగ్మత అనే పేరును చేర్చింది. దాని లక్షణాలు చదివితే ఫిర్యాదు కాగితం చదివినట్టే ఉంటుంది: కొట్లాటలు, దొంగతనం, అబద్ధాలు, బడి ఎగ్గొట్టడం, ఇంట్లోంచి పారిపోవడం. దొంగతనం ఎందుకు చేశాడంటే రుగ్మత ఉంది కాబట్టి. రుగ్మత ఉందని ఎలా తెలిసిందంటే దొంగతనం చేశాడు కాబట్టి. తండ్రి దెబ్బలు భరించలేక పారిపోయిన పిల్లకూ ఇదే పేరు అంటుకోవచ్చు. పైగా అమెరికాలో నల్లజాతి పిల్లలకు ఈ పేరు తెల్లపిల్లలకన్నా తేలిగ్గా తగిలిస్తున్నారని అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇంకోవైపు నిజంగా జబ్బుతో ఉన్న పిల్లల్లో చాలామందికి ఏ పేరూ, ఏ వైద్యమూ అందలేదు. లిండా టెప్లిన్ బృందం షికాగో నిర్బంధ కేంద్రంలో 1,829 మంది పిల్లలను పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించింది. అబ్బాయిల్లో మూడింట రెండు వంతులకు, అమ్మాయిల్లో నాలుగింట మూడు వంతులకు దగ్గరగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నారు. 2012లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చిన ఒక కేసులోని ఈవాన్ మిల్లర్ హత్య చేసేనాటికి 14 ఏళ్ళవాడు. అప్పటికే నాలుగుసార్లు ప్రాణం తీసుకోబోయాడు, మొదటిసారి బడిలో వేసే వయసులోనే. అప్పుడు ఆ పసివాడి దగ్గర ఒక వైద్యుడు కూర్చుని ఉంటే?

మన దేశంలో ఈ ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. 1860 నాటి శిక్షాస్మృతి ఏడేళ్ళ లోపు పిల్లలకు నేరం అంటదంది. 7 నుంచి 12 ఏళ్ళ మధ్య అయితే చేసిన పనిని అర్థం చేసుకునే పరిణతి ఉందో లేదో చూడమంది. కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా వర్తించిన 1920 నాటి మద్రాసు పిల్లల చట్టం, 1986, 2000 నాటి కేంద్ర చట్టాలు పిల్లల కేసులను పెద్దల కేసుల నుంచి వేరుచేస్తూ వచ్చాయి. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన సామూహిక అత్యాచారం తర్వాత గాలి మారింది. 2015 చట్టం 15వ సెక్షన్ ప్రకారం, 16 నిండినవాళ్ళు హేయమైన నేరం చేశారన్న ఆరోపణ వస్తే, ఆ నేరం చేసే మానసిక, శారీరక సామర్థ్యం, పర్యవసానాలు గ్రహించే శక్తి ఉన్నాయో లేదో, ఏ పరిస్థితుల్లో చేశారో జువైనల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేయాలి. ఆ అంచనాను బట్టే పెద్దవాళ్ళలా విచారించాలా వద్దా అన్నది నడుస్తుంది.

నన్ను కలతపెట్టేది ఇక్కడే. ఆ అంచనా కోసం నిపుణులు ఇచ్చే రిపోర్టులో తెలివితేటలు మామూలుగా ఉన్నాయని రాస్తే, పిల్లవాడికి అన్నీ తెలుసని అర్థం తీయవచ్చు. రుగ్మత ఉందని రాస్తే, వాడు ప్రమాదకారి అని అర్థం తీయవచ్చు. ఎటు రాసినా పిల్లవాడే నష్టపోయే వీలుంది. గురుగ్రామ్‌లోని ఒక బడిలో 2017లో జరిగిన హత్య కేసులో 2022 జులైలో సుప్రీంకోర్టు దీన్ని లోతుగా చూసింది. నేరం చేయగలగడం వేరు, దాని పర్యవసానాలు గ్రహించగలగడం వేరు అని స్పష్టం చేసింది. బోర్డులో పిల్లల మనస్తత్వశాస్త్రమో మనోవైద్యమో చదివినవాళ్ళు లేకపోతే నిపుణుల సాయం తీసుకుని తీరాలని చెప్పింది. చట్టంలో అది అప్పటిదాకా ఇష్టముంటే చేయవచ్చన్నట్టుగానే ఉండేది.

అందుకే బోర్డు గుమ్మం దగ్గర నిలబడే తల్లిదండ్రులకూ, వాళ్ళ లాయర్లకూ ఒక మనవి. రిపోర్టు చేతికి రాగానే చివరి వాక్యం దగ్గరికి పరుగెత్తకండి. పరీక్షించినవాళ్ళు పిల్లవాడితో ఎంతసేపు కూర్చున్నారు, ఏ భాషలో మాట్లాడారు, ఇంటి పరిస్థితి, బడి సంగతి కనుక్కున్నారా అని అడగండి. వాడికి ఎలాంటి వైద్యం కావాలో అందులో ఒక్క ముక్కైనా లేకపోతే, ఆ రిపోర్టు మీద అభ్యంతరం రాసివ్వండి.